ఎవరి పక్కన నిలబడినా గెలిచిన గిల్ యంగ్ ఆ
(పిల్లల షటిల్ క్యాంప్ ఆఖరి రోజు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పిల్లలూ కాస్త ముందుకి జరగండి, బ్యాట్లు పక్కన పెట్టేయండి, పేరెంట్స్‌కి కుర్చీలు చాలకపోతే ఆ గ్యాలరీ మెట్ల మీద కూర్చోండమ్మా ఏం పర్లేదు. మైక్ వెనక్కి వినబడుతోందా? సరే.

నన్ను డబుల్స్ గురించి మాట్లాడమన్నారు. రాత్రి కూర్చుని నాలుగు పేజీలు రాసుకున్నాను గానీ పొద్దున ఇక్కడ ఒకటి చూశాను, ముందు అది చెప్తా. రెండో కోర్టులో అమ్మాయిల డబుల్స్ నడుస్తోంది, స్కోరు 18-18. అవతలి పాప ఒక షాట్ కొట్టింది, అంత స్పీడేం కాదు, కానీ సరిగ్గా ఇద్దరి మధ్యలోకి వచ్చింది. ఇద్దరూ బ్యాట్ ఎత్తారు, ఇద్దరూ ఆపేశారు, కాక్ వచ్చి మధ్యలో నేల మీద పడింది. పడ్డాక ఇద్దరిలో ఒక్కళ్ళు కూడా కాక్ వైపు చూడలేదు, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. "అది నీది కదా" అన్న చూపు. అంతే, తర్వాత రెండు పాయింట్లూ పోయాయి, గేమ్ పోయింది. ఆ పిల్లలెవరో నేను చెప్పను, వాళ్ళకి తెలుసు, వాళ్ళ మీద నాకేం కోపం లేదు, ఎందుకంటే ఆ చూపు నేను కూడా చూశాను, చూడ్డమే కాదు ఒకరి వైపు అలా చూశాను కూడా. కాలేజీ రోజుల్లో నాకొక పార్ట్‌నర్ ఉండేవాడు, నాలుగేళ్ళు కలిసి ఆడాం, ఒక జిల్లా మ్యాచ్‌లో ఇలాగే మధ్యలో పడ్డ ఒక కాక్ దగ్గర మాట పడింది, మళ్ళీ ఇద్దరం కలిసి కోర్టులోకి దిగలేదు. ముప్పై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ నాకు బాధే.

అందుకే ఇవాళ మీకు ఒకావిడ గురించి చెప్దామని. పేరు గిల్ యంగ్ ఆ. దక్షిణ కొరియా. 1970లో పుట్టారు. మీలో ఎంతమందికి తెలుసు? ...ఎవరికీ తెలీదు, పర్లేదు, మనకి సింగిల్స్ వాళ్ళ పేర్లే తెలుస్తాయి, డబుల్స్ వాళ్ళ పేర్లు జంటగా వినబడి జంటగానే మర్చిపోతాం. ఈవిడకి ఒలింపిక్స్‌లో బంగారం, వెండి, కంచు మూడూ ఉన్నాయి. మూడు పతకాలూ ముగ్గురు వేరే వేరే పార్ట్‌నర్లతో వచ్చాయి. ఈ మాట కాస్త గుర్తు పెట్టుకోండి, నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు అప్పటి ఆట గురించి ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే ఇప్పటి పిల్లలకి 21 పాయింట్ల ఆటే తెలుసు, ర్యాలీ ఎవరు గెలిస్తే వాళ్ళకి పాయింటు. అది 2006లో వచ్చింది. అంతకుముందు డబుల్స్ గేమ్ అంటే 15 పాయింట్లు, అది కూడా సర్వీస్ మన చేతిలో ఉంటేనే పాయింటు, లేకపోతే ఎంత కష్టపడి ర్యాలీ గెలిచినా సర్వీస్ మాత్రమే వస్తుంది, స్కోరు కదలదు. పైగా జంటలో ఇద్దరికీ చెరో సర్వీస్ ఉండేది, అంటే అవతలి జంట దగ్గర్నుంచి సర్వీస్ లాక్కోవాలంటే రెండు ర్యాలీలు గెలవాలి. స్కోరు 7-7 దగ్గర పావుగంట నిలబడిపోయిన మ్యాచ్‌లు మా తరం వాళ్ళం చూశాం. అలాంటి ఆటలో స్మాష్ ఎంత గట్టిగా కొడతావన్నది ఒక్కటే సరిపోదు, పాయింట్ రాకపోయినా పక్కనున్న మనిషి మీద విసుక్కోకుండా ఎంతసేపు ఉండగలవన్నది కావాలి.

1992 బార్సిలోనా. బ్యాడ్మింటన్ ఒలింపిక్స్‌లో అధికారికంగా మొదటిసారి పతకాల ఆటగా వచ్చింది అప్పుడే. మిక్స్‌డ్ డబుల్స్ ఇంకా లేదు, నాలుగు విభాగాలే. విమెన్స్ డబుల్స్‌లో గిల్ యంగ్ ఆ, షిమ్ ఉన్ జంగ్ అనే అమ్మాయితో కలిసి ఆడారు. అప్పుడు సెమీస్‌లో ఓడిన రెండు జంటలకీ కంచు ఇచ్చేవాళ్ళు, అలా వీళ్ళకి కంచు వచ్చింది. బంగారం ఎవరికి వచ్చిందనుకున్నారు? అదీ కొరియాకే. హ్వాంగ్ హే యంగ్, చంగ్ సో యంగ్ జంటకి. ఒకే దేశం, ఒకే క్యాంపు, సియోల్‌లో తేరంగ్ అని అప్పట్లో జాతీయ ఆటగాళ్ళందరూ ఉండి ప్రాక్టీస్ చేసే చోటు ఉండేది, అక్కడ పొద్దున్నే కలిసి పరిగెత్తి కలిసి తిన్నవాళ్ళు, పోడియం మీద మాత్రం ఒకళ్ళు పైమెట్టు ఒకళ్ళు కిందమెట్టు.

ఆ చంగ్ సో యంగ్ ఉన్నారే, పైమెట్టు మీద నిలబడ్డావిడ, మరుసటి ఏడాదికల్లా గిల్ పక్కకి వచ్చారు. 1993 ఆల్ ఇంగ్లండ్‌లో ఇద్దరూ కలిసి గెలిచారు. ఆల్ ఇంగ్లండ్ అంటే మీకు చెప్పక్కర్లేదు, మన ప్రకాశ్ పడుకోన్ 1980లో, మన గోపీచంద్ 2001లో గెలిచారు, ఇప్పటిదాకా మన దేశం నుంచి వాళ్ళిద్దరే. 1993లో అది లండన్ వెంబ్లీలో జరిగింది, అక్కడ ఆఖరిసారి, 1994 నుంచి బర్మింగ్‌హామ్‌కి మారింది. కోర్టు మారింది గానీ విన్నర్లు మారలేదు, 1994లో కూడా మళ్ళీ వీళ్ళిద్దరే.

చంగ్ సో యంగ్ 1967లో పుట్టారు, గిల్ కంటే మూడేళ్ళు పెద్ద. కొరియాలో అమ్మాయిలు తమకంటే పెద్దావిడని పేరు పెట్టి పిలవరు, "ఒన్నీ" అంటారు, మన అక్క అన్నట్టే. మన ఇళ్ళలాగే అక్కడ కూడా వయసు తేడా అంటే చిన్న విషయం కాదు, మాటే మారిపోతుంది, వంగి దండం పెట్టడం మారిపోతుంది. మరి కోర్టులో అక్కతో ఆడుతున్నప్పుడు మధ్యలో కాక్ వస్తే "నాది" అని ఎలా అరుస్తావు? అరవాలి. అరవకపోతే పాయింటు పోతుంది. అదొక రకం కష్టం.

ఇప్పుడు దాని తర్వాతది వినండి. 1995. అక్క లేదు. గిల్ పక్కన ఈసారి జాంగ్ హే ఓక్ అనే అమ్మాయి, 1977లో పుట్టింది, అంటే పద్దెనిమిదేళ్ళ పిల్ల. గిల్‌కి పాతికేళ్ళు. నిన్నటిదాకా చెల్లెలి స్థానంలో ఉన్న మనిషి ఒక్కసారి అక్క అయిపోయింది. పేరెంట్స్‌కి ఇది బాగా అర్థమవుతుంది, కోడలిగా వచ్చినావిడ అత్తగారైనప్పుడు చేతులు అవే గానీ పనంతా వేరే. ఆ ఏడాది ఆల్ ఇంగ్లండ్ గెలిచారు, గిల్‌కి వరసగా మూడోది, అదే ఏడాది స్విట్జర్లాండ్‌లో లొజాన్‌లో వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో ఇండోనేషియా జంట ఫినార్సీ, లిలి తంపీని ఓడించి వరల్డ్ ఛాంపియన్స్ అయ్యారు. రెండేళ్ళ కిందట 1993 వరల్డ్స్‌లో అక్కతో కలిసి ఫైనల్ దాకా వెళ్ళి ఓడిపోయిన టైటిల్ అది, ఈ చిన్న పిల్లతో కలిసి సాధించారు.

నేను కోచింగ్‌లో ఉన్నాను కాబట్టి నాకనిపించేది చెప్తా. సీనియర్ పక్కన ఆడి గెలిచేవాళ్ళు చాలామంది ఉంటారు, సీనియర్ మోసేస్తారు. జూనియర్‌ని పక్కన పెట్టుకుని గెలిచేవాళ్ళు కొంతమంది ఉంటారు. ఈ రెండూ చేసినవాళ్ళు, అదీ వరసగా మూడేళ్ళలో, ప్రపంచంలో ఆఖరి మెట్టు దగ్గర... నేనైతే గిల్‌ని చూసే నేర్చుకున్నాను పార్ట్‌నర్ అంటే ఏంటో.

ఇక 1996, అట్లాంటా. ఇక్కడ కాస్త ఆగుదాం.

జార్జియా స్టేట్ యూనివర్సిటీ జిమ్‌లో ఆటలు. అదే హాల్లో అప్పుడు మన తెలుగమ్మాయి కూడా ఉంది తెలుసా, పీవీవీ లక్ష్మి గారు, ఇండియా తరఫున సింగిల్స్ ఆడారు. తర్వాత గోపీచంద్ గారిని పెళ్ళి చేసుకున్నారు, వాళ్ళమ్మాయి గాయత్రి ఇప్పుడు ట్రీసా జాలీతో విమెన్స్ డబుల్స్ ఆడుతోంది. గాయత్రి వాళ్ళమ్మ, గిల్ యంగ్ ఆ ఒకే ఒలింపిక్స్‌లో ఆడారన్నమాట. ఈ విషయం నాకు తట్టినప్పుడు చాలా సంతోషమేసింది.

గిల్ రెండు విభాగాల్లో ఆడుతున్నారు, రెండిట్లోనూ ఫైనల్‌కి వచ్చారు. ముందు విమెన్స్ డబుల్స్ ఫైనల్, జాంగ్ హే ఓక్‌తో. అవతల చైనా జంట గె ఫే, గు జున్. ఈ ఇద్దరూ అప్పట్లో ఎవరికీ లొంగని జంట, నాలుగేళ్ళ తర్వాత సిడ్నీలో కూడా వాళ్ళే గెలిచారు. ఈ అట్లాంటా ఫైనల్ కూడా వాళ్ళదే, 15-5, 15-5. చైనాకి బ్యాడ్మింటన్‌లో మొదటి ఒలింపిక్ బంగారం అది. వరల్డ్ ఛాంపియన్స్‌గా వచ్చిన జంట ఐదు, ఐదు పాయింట్ల దగ్గర ఆగిపోయింది. ఒలింపిక్ ఫైనల్లో అలా ఓడిపోతే మనలో ఎవరైనా ఏం చేస్తాం? రూమ్‌కి వెళ్ళి తలుపేసుకుంటాం. ఆవిడకి ఆ అవకాశం లేదు. ఇంకో ఫైనల్ ఉంది.

మిక్స్‌డ్. ఒలింపిక్స్‌లో మిక్స్‌డ్ డబుల్స్ పెట్టడం అదే మొదటిసారి. ఈసారి పక్కన కిమ్ డాంగ్ మూన్, ఇరవై ఏళ్ళ కుర్రాడు, ఇంకా ఇరవై ఒకటి నిండలేదు. గిల్‌కి ఇరవై ఆరు. కొరియాలో అబ్బాయిలు అక్కని "నూనా" అంటారు. నెట్ అవతల ఎవరూ? వాళ్ళూ కొరియావాళ్ళే. పార్క్ జూ బాంగ్, రా క్యుంగ్ మిన్. పార్క్ జూ బాంగ్ అంటే ఆ దేశంలో బ్యాడ్మింటన్‌కి దేవుడు లాంటి మనిషి, బార్సిలోనాలో మెన్స్ డబుల్స్ బంగారం గెలిచి రిటైరై, మళ్ళీ ఈ మిక్స్‌డ్ కోసమే తిరిగొచ్చారు, ముప్పై ఒకటేళ్ళు. ఆయన పక్కన రా క్యుంగ్ మిన్, పంతొమ్మిదేళ్ళు. అందరూ బంగారం వాళ్ళదే అనుకున్నారు.

మొదటి గేమ్ 13-15, పోయింది. ఇక్కడ పిల్లలూ వినండి, మిక్స్‌డ్‌లో మామూలుగా అమ్మాయి ముందు నెట్ దగ్గర, అబ్బాయి వెనక. వెనకున్న కుర్రాడికి ముందున్నావిడ వీపు మాత్రమే కనబడుతుంది. మొహం కనబడదు. ఆ వీపు వంగిపోతే వెనకున్నవాడి చెయ్యి వణుకుతుంది, నేను ఇన్నేళ్ళలో చూసి చెప్తున్నా. నెట్ దగ్గరున్న మనిషి చేసే పనేంటంటే, అవతలివాళ్ళు కాక్ లేపేలా చెయ్యడం, లేపితే వెనకున్నవాడు స్మాష్ కొడతాడు, చప్పట్లు వాడికొస్తాయి. ముందున్నావిడ కాక్‌ని మూడు అంగుళాలు కిందకి తొయ్యడం ఎవరూ చూడరు. అవతల పార్క్ లాంటి మనిషి ఉన్నప్పుడు, ఆయన రాకెట్ ఎటు తిరుగుతుందో ఆయన పక్కనున్నవాళ్ళకే తెలీదంటారు, అలాంటప్పుడు నెట్ దగ్గర నిలబడ్డం అంటే ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

రెండో గేమ్ 15-4. మూడోది 15-12. బంగారం.

నిజానికి నాకు ఈ 15-4 అంటే ప్రాణం. ముందు ఫైనల్లో తనే 5, 5 తో ఓడిపోయి వచ్చిన మనిషి, ఈ ఫైనల్లో కూడా మొదటి గేమ్ వదులుకున్న మనిషి, దేవుడు లాంటి సీనియర్ని నాలుగు పాయింట్ల దగ్గర నిలబెట్టేసింది, అదీ పక్కన ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణి పెట్టుకుని. కుర్రాడు తక్కువవాడని కాదు, తర్వాత 2004 ఏథెన్స్‌లో మెన్స్ డబుల్స్‌లో కూడా ఒలింపిక్ బంగారం కొట్టాడు. కానీ మొదటి బంగారం నాడు వాడి కళ్ళ ముందున్న వీపు గిల్ యంగ్ ఆది.

ఇంకో సంగతి. ఆ ఫైనల్లో నెట్ అవతలున్న అమ్మాయి రా క్యుంగ్ మిన్, తర్వాత ఇదే కిమ్ డాంగ్ మూన్‌కి మిక్స్‌డ్ పార్ట్‌నర్ అయింది, ఇద్దరూ కలిసి ఎన్నో టైటిళ్ళు గెలిచారు, చివరికి 2005లో పెళ్ళి కూడా చేసుకున్నారు. డబుల్స్‌లో అవతలివాళ్ళు ఎప్పటికీ అవతలే ఉండరు. గిల్ యంగ్ ఆ కథలో ఇది పదే పదే వస్తుంది, ఇంకా వస్తుంది చూడండి.

తర్వాత ఆవిడ కోచింగ్‌లోకి వెళ్ళారు, అక్కడ పెద్ద కంపెనీలకీ ఊళ్ళ మున్సిపాలిటీలకీ సొంత బ్యాడ్మింటన్ టీములుంటాయి, జీతాలిచ్చి పెట్టుకుంటారు, అలా సామ్‌సంగ్ టీమ్‌తో పనిచేశారు. 1999లో కొడుకు పుట్టాడు, కిమ్ వన్ హో. వాడూ డబుల్సే.

ఇప్పుడు మనవాళ్ళ దగ్గరికి వద్దాం. 2023 అక్టోబర్, హాంగ్‌జౌ ఆసియా క్రీడలు, మెన్స్ డబుల్స్ ఫైనల్. ఇటు మన అమలాపురం సాత్విక్, ముంబై చిరాగ్ శెట్టి. అటు కొరియా జంట. 21-18, 21-16. ఆసియా క్రీడల్లో బ్యాడ్మింటన్‌లో ఇండియాకి మొట్టమొదటి బంగారం. ఆ రోజు ఈ జిల్లాల్లో పటాసులు కాల్చారు, మీలో చాలామంది టీవీలో చూసుంటారు. అవతల ఓడిపోయి నిలబడ్డ ఇద్దరిలో ఒకడు ఎవరో తెలుసా? కిమ్ వన్ హో. గిల్ యంగ్ ఆ కొడుకు.

ఆ ఓటమి వాడికి ఎంత బరువో మనకి తెలీదు. కొరియాలో మగపిల్లలందరూ కొన్నాళ్ళు మిలిటరీలో పనిచెయ్యాలి, తప్పదు. ఒలింపిక్స్‌లో ఏ పతకమైనా వస్తే, లేదా ఆసియా క్రీడల్లో బంగారం వస్తే ఆటగాళ్ళకి దాన్నుంచి మినహాయింపు. ఆసియా క్రీడల వెండికి లేదు. మన సాత్విక్ స్మాష్ కింద ఆ రోజు వాడు పోగొట్టుకున్నది మెడల్ రంగు ఒక్కటే కాదన్నమాట. సాత్విక్ గెలిచినందుకు నాకు ఎంత గర్వమో చెప్పలేను, ఆ గర్వం పక్కనే ఈ విషయం తెలిశాక మనసులో ఏదో కలుక్కుమంది.

మరుసటి ఏడాది, 2024 పారిస్ ఒలింపిక్స్. వన్ హో మిక్స్‌డ్‌లో జియాంగ్ నా ఉన్ అనే అమ్మాయితో ఆడాడు. సెమీస్‌లో అవతల మళ్ళీ సొంత దేశం జంట, సియో సంగ్ జే, చే యు జంగ్, వరల్డ్ ఛాంపియన్స్. మొదటి గేమ్ వీళ్ళది, రెండోది 20-22 వాళ్ళది. మూడో గేమ్ మధ్యలో వన్ హోకి ఒళ్ళు స్వాధీనం తప్పింది, కోర్టులోనే అంపైర్ ఇచ్చిన కవర్లో వాంతి చేసుకున్నాడు. ప్రపంచమంతా చూస్తోంది. మూతి తుడుచుకుని మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. 23-21 గెలిచారు. ఫైనల్ చైనా వాళ్ళకి పోయింది, వెండి వచ్చింది. ఆ వెండితో మిలిటరీ సంగతి కూడా తేలిపోయింది. ఆ రోజుల్లోనే వాడొక మాటన్నాడు, ఇన్నాళ్ళూ నేను గిల్ యంగ్ ఆ కొడుకుగా బతికాను, ఇకనుంచి మా అమ్మ కిమ్ వన్ హో అమ్మగా బతికేలా చేస్తాను అన్న అర్థంలో. నేను చదివినప్పుడు ఫోన్ పక్కన పెట్టి కాసేపు అలా కూర్చుండిపోయాను.

ఆ సెమీస్‌లో అవతలున్న సియో సంగ్ జే గుర్తున్నాడా? 2025 మొదట్నుంచీ వాడూ వన్ హో మెన్స్ డబుల్స్‌లో పార్ట్‌నర్లు. వాంతి చేసుకునేదాకా ఆడించినవాడే ఇప్పుడు పక్కన. ఆ ఏడాది ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. ఆగస్టులో పారిస్‌లో, అదే హాల్లో, వరల్డ్ ఛాంపియన్స్ అయ్యారు. అమ్మ వరల్డ్ ఛాంపియన్ అయింది 1995లో, కొడుకు 2025లో, ముప్పై ఏళ్ళు. సెప్టెంబర్‌లో చైనా మాస్టర్స్ ఫైనల్లో మన సాత్విక్, చిరాగ్ మీద కూడా గెలిచారు, హాంగ్‌జౌ బాకీ అలా తీరింది.

అప్పుడు కొరియా టీమ్‌కి హెడ్ కోచ్ ఎవరంటే పార్క్ జూ బాంగ్. అవును, ఆయనే. అట్లాంటా ఫైనల్లో వన్ హో వాళ్ళమ్మ చేతిలో ఓడిపోయిన మనిషి. ఇరవై ఏళ్ళ పాటు జపాన్‌లో కోచింగ్ ఇచ్చి 2025లో సొంత దేశానికి వచ్చారు. మరి కొరియా బ్యాడ్మింటన్ అసోసియేషన్ ప్రెసిడెంట్? అదే ఏడాది ఎన్నికైన కిమ్ డాంగ్ మూన్. అమ్మ వెనక నిలబడి స్మాష్ కొట్టిన ఆ ఇరవై ఏళ్ళ కుర్రాడు. 1996లో ఒకే కోర్టులో నెట్‌కి ఇటూ అటూ ఉన్నవాళ్ళు, 2025లో ఆవిడ కొడుకు కోసం ఒకే వైపున ఉన్నారు. ఎవరైనా కథగా రాస్తే మరీ ఇంత కలిపేశారేంటి అనేవాళ్ళం.

ఇదంతా ఎందుకు చెప్పానంటే... ఎవరో చెయ్యెత్తారు, చెప్పమ్మా. ఆ, పార్ట్‌నర్ తప్పు చేస్తే ఏమనాలి అని అడుగుతోంది. మంచి ప్రశ్న. గిల్ యంగ్ ఆ ఏమనేవారో నేను చెప్పలేను, నాకు కొరియన్ రాదు. నేను ఇక్కడ నేర్పించేది చెప్తా. పాయింటు పోగానే కాక్ దగ్గరికి ఇద్దరూ నడవండి. ఒకళ్ళు కాదు, ఇద్దరూ. మొహం చూసుకునే ముందు కాక్ చూడండి. ఈక విరిగిందా, మార్చాలా, ఆ మాట మాట్లాడుకోండి. మధ్యలో వచ్చే షాట్ ఎవరిదో మ్యాచ్‌కి ముందే తేల్చుకోండి, మామూలుగా అయితే ఫోర్‌హ్యాండ్ ఎవరికి పడుతుందో వాళ్ళది, మీ ఇద్దరిలో ఒకళ్ళు ఎడమచేతి వాటం అయితే లెక్క మారుతుంది, అది కూడా ముందే మాట్లాడుకోండి. "నాది" అని గట్టిగా అరవండి, అక్కైనా సరే చెల్లైనా సరే. తప్పుగా అరిచినా పర్లేదు, ఇద్దరూ ఆగిపోవడం కంటే ఇద్దరూ వెళ్ళి బ్యాట్లు తగిలించుకోవడం మేలు.

పొద్దున రెండో కోర్టులో ఆడిన ఆ ఇద్దరు అమ్మాయిలూ ఎక్కడున్నారు? వేరే వేరే మూలల్లో కూర్చున్నారే. లేవండమ్మా ఇద్దరూ, బ్యాట్లు తీసుకోండి. బాబూ, ఆ ట్యూబ్‌లోంచి కొత్త కాక్‌లు ఒక అరడజను తియ్యి. నేను అవతల నిలబడి మధ్యలోకే కొడతా, అరవండి ఎవరిదో. మిగతావాళ్ళు కాస్త పక్కకి జరగండి, కోర్టు ఖాళీ చెయ్యండి.